గోడ కింద పిట్ట

ఫిబ్రవరి 6

పబ్లిషర్ ఆఫీసు నుంచి కొత్త ఎడిటరు వచ్చాడు. ఉంగరాల జుట్టు, భుజాన సంచి, ఇప్పుడే తుడుచుకొచ్చినట్టున్న బూట్లు. కుర్చీలో కూర్చోకముందే పొగడ్డం మొదలుపెట్టాడు. కూర్చోకముందు పొగిడేవాళ్ళు లేచేముందు ఏదో ఒకటి అడుగుతారు. ఇన్సూరెన్సు కంపెనీలో అగ్నిప్రమాదాల క్లెయిములు చూసీ చూసీ నాకు పట్టుబడిన విద్య ఇదొక్కటే.

"మేడమ్, 'నిచ్చెనవాడు' ఇంక మామూలు నవల కాదు. క్లాసిక్."

"నిన్నటిదాకా ఏంటో మరి."

నవ్వాడు. విషయం ఏమిటంటే, మా ఆయన రాసిన మూడు భాగాలూ కలిపి ఒకే సంపుటంగా, గట్టి అట్టతో వేస్తారట. బొమ్మల సీరియల్ తీసే కంపెనీ ఒకటి కూడా ముందుకొచ్చిందట. ముందుమాట నేను రాయాలట.

"కత్తులు పట్టుకున్న వీరులు ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు! భుజాన నిచ్చెన మోసుకుంటూ గోడల రాజ్యంలో తిరిగేవాడు ఒక్కడు ఎలా మిగిలాడు? ఆ సంగతి మీరే చెప్పాలి. అన్నేళ్ళు కాపరం చేశారు."

"నేను కాపరం చేసింది మా ఆయనతో. నిచ్చెనవాడితో కాదు."

దానికీ నవ్వాడు. టీ తాగాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ అసలు సంగతి బయటపెట్టాడు.

"చిన్న సవరణ మేడమ్. రెండో భాగంలో 'గోడ' అనే అధ్యాయం ఉంది కదా. అది లేకుండా వేద్దామని మా పెద్దాయన ఆలోచన. సీరియల్ వాళ్ళూ అదే అంటున్నారు. తోడొచ్చిన పిట్టను మంటల్లో వదిలేసి పోయేవాణ్ణి వీరుడంటే పిల్లలు ఒప్పుకోరట. హక్కులు మీవి కాబట్టి మీ సంతకం కావాలి."

ఆలోచించి చెబుతానన్నాను.

మా ఆయన పోయి ఏడాది కూడా నిండలేదు. అప్పుడే సవరణలు.

ఫిబ్రవరి 7

మూడు భాగాల్లో ఆ ఒక్క అధ్యాయమే ఎందుకు?

ఫిబ్రవరి 9

ఆదివారం. 'గోడ' మళ్ళీ చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది.

నిచ్చెనవాడూ పిట్టా ఒక పాత కోటలో పడుకుని ఉంటారు. ఊరు అంటుకుంటుంది. "లే పిట్టా, లే" అని లేపుతాడు. గోడ ఎక్కగలరు గానీ పైన ఒక్కరికే చోటు, అవతలివైపు దిగాలంటే మళ్ళీ అదే నిచ్చెన కావాలి. ముందు తను ఎక్కి, నిచ్చెన పైకి లాక్కుని, అవతల దిగి, మనుషుల్ని పోగేసుకొస్తానంటాడు. "ఉండు, వస్తా" అంటాడు. "వెళ్ళు. నేను పాడుతూ ఉంటా. నా గొంతు వినబడుతున్నంతసేపూ భయపడకు" అంటుంది పిట్ట. అతను దిగుతాడు. మనుషులు కనబడరు. పాట వినబడుతూనే ఉంటుంది. అతను పరిగెత్తుతాడు. పాట వినబడనంత దూరం వచ్చాక ఆగుతాడు. వెనక్కి వెళ్ళడు. మూడో భాగం చివర్లో ఎప్పుడో వెళ్తాడు. గోడ ఉంటుంది. పిట్ట ఉండదు. ఇక గోడగోడకీ నిచ్చెన వేసి పిలుచుకుంటూ తిరగడమే అతని పని. అక్కడితో పుస్తకం అయిపోతుంది.

చదివినవాళ్ళందరూ ఈ చోటే కళ్ళు తుడుచుకున్నారు. పెళ్ళయిన కొత్తలో నేనూ తుడుచుకున్నాను. తుడుచుకుని ఒక మాట అడిగాను: ఈ పిట్ట ఎవరు?

"పిట్టంటే పిట్టే" అన్నాడాయన. అని పత్రికలో తల దూర్చేశాడు.

పుస్తకంలో ఎక్కడా చెప్పడు. పిట్ట నవ్వింది, పిట్ట అలిగింది, పిట్ట ఏడ్చింది. పక్షి అయినా అదే మాట, ఆడమనిషైనా అదే మాట. అట్టమీద బొమ్మ గీసినాయన మాత్రం రెండు జడలు వేసి పరికిణీ తొడిగాడు. మా ఆయన వద్దనలేదు.

లే, లే అట. ఎంత ముద్దుగా లేపాడు! మా ఇంట్లో నన్ను లేపింది అలారం గడియారం. తపాలా ఆఫీసులో స్టాంపులు గుద్ది గుద్ది ఇంటికొచ్చాక, ఆ మనిషి నోట్లోంచి మాట ఊడిపడాలంటే నేను నాలుగుసార్లు అడగాల్సి వచ్చేది. ఇలాంటి మాటలు ఆయనకి తెలుసని పుస్తకం చదివితేనే గానీ తెలియదు.

ఎవరితోనో మాట్లాడాడు. ఊహించి రాసిన మాటలకి ఇంత వేడి ఉండదు.

ఫిబ్రవరి 13

అమ్మాయి వచ్చింది. క్లినిక్కు మూసేసి నేరుగా వచ్చిందట, చేతులకి ఇంకా మందు వాసన. పళ్ళ డాక్టరయ్యాక దాని చూపు ఎదుటివాళ్ళ నోటిమీదే ఉంటుంది. నేనేం మాట్లాడుతున్నానో కాదు, ఎలా నములుతున్నానో చూస్తుంది.

"అమ్మా, సంతకం పెట్టేయ్. నాన్న నిచ్చెనవాడు తెరమీదకొస్తాడు."

"నీకెవరు చెప్పారు సంతకం సంగతి?"

"ఎడిటరు ఫోన్ చేశాడు."

"ఎప్పుడు?"

"పోయిన నెల్లో అనుకుంటా."

పోయిన నెల్లో. అంటే నా దగ్గరకి రాకముందే. ముందు పిల్లను పట్టుకుని తర్వాత తల్లి దగ్గరకొచ్చాడన్నమాట. బూట్లు అంత శుభ్రంగా ఉన్నప్పుడే అనుకున్నాను.

"ఆ అధ్యాయం పోతే నీకేం బాధ లేదా?" అన్నాను.

"నాకా అధ్యాయమే తెలీదు. చిన్నప్పుడు నాన్న పడుకోబెడుతూ చెప్పిన కథలో నిచ్చెనవాడు పిట్టను వీపున కట్టుకుని గోడ దిగేవాడు. పెద్దయ్యాక పుస్తకం చదివి ఎంత ఏడ్చానో! నాన్న మోసం చేశాడనిపించింది. ఆ గోడ తీసేస్తే నా కథ నాకొచ్చేస్తుంది."

కూతురికి ఒక కథ, లోకానికి ఒక కథ. ఒకే ఘటనకి రెండు వాంగ్మూలాలు. నా ఉద్యోగంలో అయితే ఫైలు పక్కన పెట్టేసేదాన్ని.

ఫిబ్రవరి 15

ముందుమాట మొదలుపెట్టాను.

"వీరుడు ఎందుకు నిలుస్తాడంటే, అతనిలో మనల్ని మనం..." కొట్టేశాను. ఇది నూటికి తొంభై ముందుమాటల్లో ఉంటుంది.

"నిచ్చెనవాడి గొప్పదనం అతని మంచితనం." కొట్టేశాను. మంచితనమే అయితే మా ఎదురింటాయన ఈపాటికి చిరంజీవి అయిపోవాలి.

"నిచ్చెనవాడిని సృష్టించిన నా భర్త..." ఇక్కడ కలం ఆగింది. నా భర్త ఏమిటి? ఎవరు?

ఫిబ్రవరి 20

ఉంగరాల జుట్టు ఆఫీసుకి ఫోన్ చేశాడు. మూడు భాగాల సంపుటాన్ని చిన్నపిల్లలూ చదివేలా కుదించి వేస్తున్నామని వాళ్ళు పత్రికలో వేయించారట. అది చూసి ఎవరో ఒకావిడ వాళ్ళ ఆఫీసుకి వచ్చిందట.

"పిట్ట ఉన్న అధ్యాయం తీసేస్తున్నారా అని అడిగింది మేడమ్. ఇంకా ఖాయం కాలేదన్నా. తీయకండి అంది. ఎందుకమ్మా అంటే, పిట్ట మా ఇంటి మనిషి అంది."

"ఎంత వయసుంటుంది?"

"యాభై దాటి ఉంటాయి. చెప్పులకి మట్టి. పేరు చెప్పలేదు. మీరెక్కడ పనిచేస్తారని అడిగింది. చెప్పొచ్చో లేదోనని..."

"చెప్పావా?"

"చెప్పా మేడమ్."

ఫోన్ పెట్టేశాక నా ముందున్న ఫైలులో ఒక్క అక్షరం తలకెక్కలేదు. మా ఇంటి మనిషి. ఎంత ధీమా!

ఫిబ్రవరి 21

సంతకం పెట్టాను. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళి పెట్టొచ్చాను.

బాగా ఆలోచించే పెట్టాను. వీరుడన్నవాడు మచ్చ లేకుండా ఉండాలి. కథకి ఆ అధ్యాయం బరువు. పిల్లలు జడుసుకుంటారు. ఇవన్నీ సాహిత్యపరమైన కారణాలు.

ఫిబ్రవరి 22

సంతకానికీ ఆవిడకీ ఏ సంబంధమూ లేదు.

ఫిబ్రవరి 26

వచ్చింది.

భోజనాల వేళ. కింద మా ఆఫీసు గేటు పక్కన నిలబడి ఉంది. చెప్పులకి నిజంగానే మట్టి. సన్నటి మనిషి, చేతిలో గుడ్డ సంచి. నేను ఊహించుకున్న మనిషి కాదు. నేను ఊహించుకున్నావిడ పొడుగు, రంగు, జుట్టు నెరిసినా జడ బారు. ఊహించుకున్నానని ఇక్కడే రాస్తున్నాను, ఇంకెక్కడా ఒప్పుకోను.

"అక్కా" అంది.

"ఎవరికి అక్క?"

"మీకే. నేను మీ తోడికోడల్ని."

"నాకు తోడికోడలు లేదు. మా ఆయనకి తమ్ముడు లేడు."

"లేడని చెప్పారా?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు.

ఏం చెప్పారు? గేటు పక్కన నిలబడి గుర్తు చేసుకున్నాను. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఒకసారి నోరు జారింది, "ఇంకోడుండేవాడు, వీడికన్నా అల్లరి" అని. ఆయన్ని అడిగాను. "ఇప్పుడు లేడు" అన్నాడు. ఆ రెండు మాటలకీ చావని అర్థం చెప్పుకున్నది నేను. మరణ ధ్రువపత్రం చూడకుండా నేను ఒప్పుకున్న క్లెయిము జీవితం మొత్తంలో అదొక్కటే.

"ఉన్నారక్కా. నర్సరీ నడుపుతున్నాం. చిన్నప్పుడు సన్నగా ఉండి, ఒకచోట నిలవకుండా ఎగురుతూ ఉండేవారట. అందుకని ఇంట్లో అందరూ పిట్టా అని పిలిచేవారు. మీ బావగారు పోయినప్పుడు వద్దామన్నాను. ఈయన కదల్లేదు. ఇప్పుడు పత్రికలో ఆ వార్త చూసిన దగ్గర్నుంచి అన్నం సరిగా తినడం లేదు."

మీ బావగారు అని తడబడి, "అదే, మా బావగారు" అని సర్దుకుంది. అబద్ధం చెప్పేవాళ్ళు వరసల దగ్గర తడబడరు. ముందే బట్టీ పట్టుకుంటారు.

పిట్ట నవ్వింది, పిట్ట అలిగింది, పిట్ట ఏడ్చింది. తమ్ముణ్ణి ఎంత భద్రంగా దాచాడు! నా కళ్ళెదుటే, అచ్చులో.

అయినా సరే, కళ్ళతో చూసేదాకా నమ్మను.

మార్చి 2

నర్సరీకి వెళ్ళాను. ఊరి చివర, రైలుగేటు దాటాక. నెత్తిన ఆకుపచ్చ వల కప్పిన షెడ్డు, తడి గోనెసంచుల వాసన, వరసగా నల్ల ప్లాస్టిక్ సంచుల్లో గులాబీ మొక్కలు. అతను అటు తిరిగి కూర్చుని కొమ్మకి అంటు కడుతున్నాడు. వెనక నుంచి మెడ చూశాను. ఆయన మెడే.

అయినా పోలికలు సాక్ష్యం కావు.

"మా ఆయనకి కుడిచెవి వెనక ఏముందో చెప్పండి" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

తిరిగి చూశాడు. "కుట్లు. నేను విసిరిన పలక తగిలింది. సైకిల్ మీంచి పడ్డానని చెప్పుంటాడు."

సైకిల్ మీంచి పడ్డాననే చెప్పాడు.

"నన్ను మీరు అంటారేంటి వదినా. నువ్వు అనండి" అని పీట తుడిచి వేశాడు. ఎడమచేతి వేళ్ళు రెండు కలిసిపోయి ఒకటే వేలులా ఉన్నాయి. మెడ పక్క నుంచి చొక్కాలోకి చర్మం ముడతలు పడిపోయి ఉంది. కాలిన మచ్చలు నేను ఫొటోల్లో చాలా చూశాను. ఎదురుగా కూర్చుని మంచినీళ్ళిచ్చే మనిషి మీద చూడటం ఇదే మొదలు.

క్లుప్తంగా చెప్పాడు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ ఒక దూది గోదాంలో కాపలాకి కుదిరారు. ఒక మధ్యాహ్నం అంటుకుంది. ఇద్దరూ అటక మీదున్నారు. కప్పుకి ఉన్న చిన్న తలుపులోంచి బయటపడాలి, అవతల దిగాలి, ఉన్నది ఒకటే నిచ్చెన.

"నేను చూసేసరికి అన్నయ్య లేడు. నిచ్చెన లేదు. మిగతాది పుస్తకంలో ఉంది కదా" అన్నాడు.

ఎవరో గోడ పగలగొట్టి ఇతన్ని లాగారట. ఆసుపత్రిలో చాలా కాలం. గది తలుపు దాకా అన్న వచ్చి వెళ్ళాడని తల్లి చెప్పిందట. ఇతను చూడలేదు. తర్వాత, అప్పట్లో ఈ నర్సరీ నడిపిన మేనమామ తీసుకొచ్చి పెంచాడు. అత్తగారు ఏటా "అక్క దగ్గరకి" అని చెప్పి వెళ్ళేది. ఆ అక్క ఎవరో నేను ఎప్పుడూ అడగలేదు.

"పుస్తకంలో తిరిగొచ్చాడుగా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయన తరఫున ఏదో ఒకటి అనాలనిపించింది.

చేతిలో కత్తి కింద పెట్టాడు.

"వచ్చాడు. గోడ దగ్గరకొచ్చి పిలిచాడు, పిట్ట లేదు. అది చదివినప్పుడల్లా ఒళ్ళు మండిపోద్ది వదినా. నేనెక్కడికి పోయాను? ఇక్కడే ఉన్నాగా! బస్సు దిగితే నడిచి రావచ్చు. ఆయనేమో రాజ్యాలన్నీ తిరిగాడు, ఊళ్ళో వాళ్ళంతా ఏడ్చారు. ఈ గేటు తియ్యడానికి మాత్రం తీరిక లేకపోయింది."

తోడికోడలు గబగబా టీ గ్లాసులు తెచ్చిపెట్టింది.

"అంత కోపం ఉంటే ఆ అధ్యాయం పోతే పోనీ" అన్నాను.

"పోనివ్వకండి" అన్నాడు. "అది తీసేస్తే నేను అసలు లేనట్టే."

సంతకం పెట్టేశానని చెప్పలేకపోయాను. వచ్చేటప్పుడు ఒక గులాబీ మొక్క ఇచ్చాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ముళ్ళు చీరకి పట్టుకున్నాయి.

మార్చి 4

పబ్లిషర్ ఆఫీసు. పెద్దాయన ఒప్పుకోలేదు. సంతకం అయిపోయింది, సీరియల్ కంపెనీకి మాట ఇచ్చాం అన్నాడు. ఆ కాగితం వెనక్కి ఇవ్వకపోతే మిగతా అధ్యాయాలు కూడా వేయనివ్వనని చెప్పాను. కోర్టు అన్నాడు. కోర్టులు నాకు కొత్త కాదు, నెలకి రెండుసార్లు వెళ్తానన్నాను. నా గొంతు మెట్లదాకా వినబడిందట.

మెట్ల దగ్గర ఉంగరాల జుట్టు వెంటపడ్డాడు. వీడి పన్నాగమే ఇదంతా అనుకుని విసురుగా తిరిగాను.

"మేడమ్, తీసెయ్యమన్నది నేను కాదు. నాకు చెప్పిన పని చేశా" అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఆ పుస్తకం నేను హాస్టల్లో చదివా. మా నాన్న నన్ను అక్కడ దింపి, వచ్చే ఆదివారం వస్తానన్నాడు. రాలేదు. నేను నిచ్చెనవాణ్ణి ఎప్పుడూ నమ్మలేదు మేడమ్. మిగతా వీరుల్ని నమ్మేశా, ఒకసారి చదివి పక్కన పడేశా. వీణ్ణి మాత్రం నమ్మలేక మళ్ళీ మళ్ళీ చదివా. ఈసారి చదివితే వెనక్కి తిరుగుతాడేమో అని. ప్రతిసారీ ఆ పాట వినబడనిచోట ఆగుతాడే, అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చునేవాణ్ణి."

"మరి మా అమ్మాయికి ముందే ఎందుకు ఫోన్ చేశావ్?"

"మీరు గట్టి మనిషని విన్నా. భయమేసింది."

అది నిజమే కావచ్చు. ముందుమాటకి నేను తన్నుకులాడింది వీడు మెట్ల మీద నిలబడి చెప్పేశాడు.

పెద్దాయనతో తనే మాట్లాడతానన్నాడు. చూద్దాం. నమ్మకం లేదు.

మార్చి 10

సీరియల్ కంపెనీ తప్పుకుంది. పుస్తకం మూడు భాగాలూ పూర్తిగా వస్తుంది, గట్టి అట్ట మాత్రం ఉండదు. ఉంగరాల జుట్టు సాధించాడు.

అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు. బాబాయ్ ఉన్నాడని మెసేజ్ పెట్టాను.

మార్చి 12

అమ్మాయే ఫోన్ చేసింది.

"నాకు బాబాయ్ ఉన్నాడని నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన వారం."

"అబద్ధం."

నా కూతురే. ఏం చేస్తాం.

మార్చి 16

అమ్మాయిని నర్సరీకి తీసుకెళ్ళాను. దారంతా ముఖం మాడ్చుకుని కూర్చుంది. షెడ్డులోకి అడుగుపెట్టి అతన్ని చూడగానే ఆగిపోయింది. తర్వాత అంది, నాన్న నడిచొస్తున్నాడనుకున్నానని.

అతనికేమో ఏం మాట్లాడాలో తోచక పన్ను నొప్పి సంగతి ఎత్తాడు. అమ్మాయి అక్కడే, మొక్కల మధ్య, వెలుగులోకి తిప్పి నోరు తెరిపించి చూసింది. "పీకాలి బాబాయ్" అంది. పరిచయం అలా అయింది.

టీ తాగుతూ ఉండబట్టలేక అడిగేసింది. "నాన్న నాకు చెప్పిన కథ వేరే. నిచ్చెనవాడు పిట్టను వదల్లేదు అందులో."

అతను గ్లాసు కింద పెట్టాడు. "వదల్లేదా? మరేం చేశాడు?"

"వీపున కట్టుకుని దిగాడు. పిట్ట దారంతా కబుర్లు చెబుతూనే ఉంటుంది. వీపుమీదే పెద్దదైపోతుంది. చివర్లో నాన్న ఎప్పుడూ ఒకే మాట అనేవాడు, 'దిగు పిట్టా, నడుం పోతోంది' అని. పిట్టేమో దిగదు. అక్కడికి నాకు నిద్రపట్టేసేది."

అతను నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"బడి నుంచి వచ్చేటప్పుడు నేను నడిచేవాణ్ణి కాదమ్మా. ఎక్కి కూర్చునేవాణ్ణి. దిగరా పిట్టా, నడుం పోతోంది అనేవాడు. అదే మాట. ఒక్క అక్షరం తేడా లేదు."

"మరైతే ఆ కథే అచ్చెయ్యొచ్చుగా బాబాయ్? ఇప్పటికైనా?"

"వద్దు. అది ఇంట్లో చెప్పుకునేది. నువ్వు చెప్పు, వింటా, ఎన్నిసార్లయినా. అచ్చులో మాత్రం గోడే ఉండాలి."

"ఎందుకు?"

గొట్టం తీసుకుని మొక్కలకి నీళ్ళు పట్టడానికి లేచాడు. తడిసిన మొక్కలకే మళ్ళీ పడుతున్నాడు.

మార్చి 18

ఒక మాట తేలలేదు. "మిగతాది పుస్తకంలో ఉంది కదా" అన్నాడు ఆ రోజు. ప్రమాదంలో ఉన్న మనిషి తను చూసింది చెబుతాడు. ఇంకొకరు రాసింది చూపించడు. చూపించాడంటే, చూసి ఉండడు. లేదా చెప్పడం ఇష్టం లేదు.

నాకెందుకు ఇదంతా? పుస్తకం వస్తోంది. చుట్టరికం కలిసింది.

మార్చి 23

వెళ్ళాను. ఒంటరిగానే వెళ్ళాను. తోడికోడలు బజారుకి పోయింది. అతను అంటు మొక్కల దగ్గర కూర్చుని ఉన్నాడు. ప్రూఫు కాగితాలు తీసి 'గోడ' అధ్యాయం అతని ముందు పెట్టాను.

"నువ్వు ఆ రోజు పాడావా?"

"ఏంటొదినా?"

"ఇందులో పిట్ట అంటుంది కదా. వెళ్ళు, నేను పాడుతూ ఉంటా అని. నువ్వు వెళ్ళమన్నావా? లేక ఆయన తన కోసం రాసుకున్నాడా?"

కాగితాలు చేతిలోకి తీసుకోలేదు. కొమ్మ చుట్టూ దారం బిగించడం పూర్తి చేశాడు, ముడివేశాడు, మిగిలిన కొసను కత్తిరించాడు.

"నేను నిద్రపోతున్నా వదినా."

"అంటే?"

"అన్నం తిని అటకమీద పడుకున్నాం. నాకు మెలకువ వచ్చేసరికి పొగ. అన్నయ్య లేడు. నిచ్చెన లేదు. నన్ను లేపలేదు. వస్తానని చెప్పలేదు. నేను పాడలేదు, అరిచా. విన్నాడో లేదో తెలీదు."

షెడ్డు పక్క నుంచి రైలు పోయింది.

ఎన్నో ఇళ్ళల్లో, ఎన్నో దుకాణాల్లో కాలిన వస్తువుల మధ్య నిలబడి నిజం రాబట్టాను. రాబట్టినప్పుడల్లా లోపల చిన్న గర్వం ఉండేది. ఇవాళ అది రాలేదు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఒకడు మంటల్లో లేచి, పక్కన పడుకున్నవాణ్ణి చూసి, లేపడానికి కూడా ఆగకుండా నిచ్చెన ఎక్కుతున్నాడు. ఆ కుర్రాడితో నేను కాపరం చేశాను. మాట్లాడడేమని సాధించాను.

"మరి ఇదంతా అబద్ధం కదా" అన్నాను. "లే పిట్టా లే, ఉండు వస్తా... అన్నీ కల్పించి, తనని మంచివాడిగా చేసుకున్నాడు. ఇది ఉంచమని ఎందుకు పట్టుబట్టావు?"

అప్పుడు కాగితాలు తీసుకున్నాడు. కలిసిపోయిన ఆ వేళ్ళతో ఒక పంక్తి మీద చెయ్యి పెట్టాడు. కళ్ళజోడు లేదు, అయినా ఎక్కడుందో తెలుసు.

"కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా కొంటా వదినా. కొని ముందు ఇదే చూసుకుంటా. ఇక్కడ చూడండి. లేపాడు. పేరు పెట్టి లేపాడు. చెప్పి వెళ్ళాడు."

కాగితాలు జాగ్రత్తగా సర్ది నా చేతికిచ్చాడు.

"అది చాలు" అన్నాడు.

మార్చి 24

అమ్మాయికి చెప్పలేదు. చెప్పను.

మార్చి 31

పుస్తకం అచ్చుకి వెళ్ళింది. ముందుమాట లేకుండానే. ఎందుకు రాయలేదు మేడమ్ అని ఉంగరాల జుట్టు ఫోన్ చేసి అడిగాడు. ఒంట్లో బాగోలేదన్నాను.

నమ్మినట్టు లేడు.